దిగడం ఎందుకు రాయలేదు?

చిరంజీవికి ఆశీస్సులు.

కేమెల్‌బ్యాక్ కొండ ఎక్కిన నీ అనుభవం చదివాను. చివరి పేజీకి వచ్చేసరికి ఒళ్లు మండింది. అమెరికాలో, అరిజోనా ఎడారిలోని ఫీనిక్స్ నగరంలో, మే నెల ఎండలో, 2,704 అడుగుల శిఖరానికి చేరి, "ఆ దృశ్యం వర్ణించడానికి మాటలు చాలవు" అని చుక్క పెట్టేశావు. మాటలు చాలనప్పుడు వ్యాసం మొదలుపెట్టడం ఎందుకు? ఇంతకీ ఆ కొండ దిగావా లేదా?

కొండ గురించి రాసేవాళ్లు దిగడం రాసి తీరాలి. ఏళ్ల తరబడి ఎవరు అడిగినా ఇదే చెప్తున్నాను. ఎక్కేటప్పుడు మనకు కనిపించేవి మన బూట్లూ, ముందువాళ్ల మడమలూ. పైకి చేరాలన్న ఆత్రం ఇంకేదీ చూడనివ్వదు. దిగేటప్పుడు ఆ ఆత్రం ఉండదు. మోకాళ్లు మాట వినవు కాబట్టి అడుగడుక్కీ ఆగాలి, ఆగినప్పుడల్లా చూడాలి.

మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు, చలికాలంలో, నేనూ ఆ కొండకి ఎకో కాన్యన్ అనే కాలిబాటలో వెళ్లాను. మైలుంబావు దూరంలో దాదాపు 1,280 అడుగులు ఎక్కాలి. కూర్చున్న ఒంటెలా ఉంటుంది కాబట్టే ఆ కొండకా పేరు. అందులో మూపురం గ్రానైటు, సుమారు 150 కోట్ల ఏళ్లనాటిది. తల భాగం ఎర్రరాయి, వయసులో దానికంటే ఎంతో చిన్నది. ఆ తేడా నాకు దిగేటప్పుడే తెలిసింది. ఇనుప కడ్డీలు పాతిన నిటారు బండ దగ్గర వెనక్కి తిరిగి, రెండు చేతులా కడ్డీ పట్టుకుని, పాదంతో తడుముకుంటూ దిగాను. బూట్ల రాపిడికి రాయి నున్నబడి మెరుస్తోంది. ఎదురొచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, ఇంకా ఎంత దూరమని. ఒక కుర్రాడి చేతిలో చిన్న సీసా, అందులో అడుగున నాలుగు గుక్కల నీళ్లు. "వెనక్కి వెళ్లిపో నాయనా" అన్నాను. ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లాడు. పైకే వెళ్లాడు.

నాలుగో పేజీలో నువ్వు రాసిన ఒక వాక్యం ఉంది. తల తిరుగుతోందన్న ఫ్రెండ్‌ని రాతి నీడలో కూర్చోబెట్టి మీరు ముందుకు సాగారు. సగం నీళ్లు అయిపోయినా వెనక్కి తగ్గలేదని గొప్పగా రాశావు. నాకు టెన్షన్ పట్టుకుంది. సగం నీళ్లు అయ్యాయంటే వెనుదిరగాలి, ఆ ఎడారి కొండలు ఎక్కేవాళ్లకి అది మొదటి నియమం. 2023 వేసవిలో వరుసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గని ఊరు అది. తీవ్రమైన వేడి హెచ్చరికలున్న రోజుల్లో ఆ దారుల్ని పగటిపూట మూసేస్తారు. అలాంటి చోట తల తిరగడం చిన్న విషయం కాదమ్మా, వడదెబ్బకు ముందు కనిపించే లక్షణాల్లో అదొకటి. ఆ పిల్ల ఎంతసేపు ఒక్కతే కూర్చుంది? మీరు తిరిగొచ్చేసరికి నీడ అక్కడే ఉందా, జరిగిపోయిందా? ఆ కడ్డీల దగ్గర ఎవరు పట్టుకుని దింపారు? రాయాల్సిందంతా అక్కడుంటే దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

నీకు ఇలా నేర్పినవాళ్లు పత్రికలవాళ్లే. వయసులో ఉన్నప్పుడు నేను గుత్తి కోట ఎక్కి, ఒక వారపత్రికకు రాసి పంపాను. మండుటెండలో దిగలేక బురుజు పక్కన చతికిలబడితే, ఒక మేకల కాపరి వచ్చి, పాదం అడ్డంగా వేసి దిగాలని చూపించి, తన కర్ర నా చేతికిచ్చి కింది ద్వారం దాకా తోడొచ్చాడు. దారిపొడుగునా తన కూతురి పెళ్లి అప్పు గురించే చెప్పాడు. సంపాదకుడు ఆ భాగం మొత్తం కోసేశాడు. "పైకెక్కేశాక పాఠకుడికి ఇంకేం కావాలండీ" అన్నాడు. ఆ వ్యాసంలో ఊపిరున్న మనిషి ఆ కాపరి ఒక్కడే. ఆ కోత నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. ఇప్పటివాళ్లకి శిఖరం మీద సెల్ఫీ కావాలి, దాని కింద "నన్ను నేను తెలుసుకున్నాను" అని ఉండాలి. ఆ మాట రాయని వ్యాసాన్ని తిప్పి పంపుతున్నారు. పంపనీ.

ప్యాంటుకి పట్టుకున్న చోయా అనే ఎడారి జెముడు ముళ్లని దువ్వెనతో లాగి పడేశామన్నావు చూడు, అక్కడ నిన్ను నమ్మాను. అలాంటివి కావాలి. ఆ ఎడారిలో పాలో వెర్దే అనే చెట్టు నీడన, స్తంభంలా ఎదిగే సవారో జెముడు మొక్కలు జానెడువి పెరుగుతుంటాయి. అవి అలా పెరిగి చేయిలాంటి ఒక కొమ్మ తొడగడానికే యాభై, డెబ్బై ఏళ్లు, కొన్నిటికి ఇంకా ఎక్కువే పడుతుంది. మీ ఫ్రెండ్ కూర్చున్న చోట ఏముందో, ఆమె ఏం చూస్తూ కూర్చుందో ఆమెనే అడుగు. ఫోన్ చెయ్యి. చెప్పడానికి ఇష్టపడితేనే రాయి.

డాలస్‌లో విమానం ఎక్కడం, హోటల్, టిఫిను, ఆ రెండు పేజీలూ కొట్టెయ్. ఎక్కడం ఒక పేజీ చాలు. దిగడానికి ఎన్ని పేజీలైనా తీసుకో. కలం పేరు సంగతీ, ఏ పత్రికకు పంపాలన్నదీ తర్వాత చూసుకోవచ్చు. ఉగాదిలోపు నాకు పంపు, అందిన రోజే చదువుతాను.