సంతకం దగ్గరే ఆగిపోకండి

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తాను. డ్వాక్రా లోనుకైనా, బ్యాంకుకైనా వేలిముద్రే. చదువుకుంటానంటే కొడుకు నవ్వుతున్నాడు. పాస్‌బుక్కు చూసే కోడలు ‘మా మీద నమ్మకం లేదా అత్తయ్యా’ అంటోంది. పక్కింటి అమ్మాయి ఈ ఉత్తరం రాసిపెట్టింది. నాకిప్పుడు చదువొస్తుందా?

జవాబు: వస్తుందమ్మా. 15 ఏళ్లు దాటినవాళ్ల కోసం 2022లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా కార్యక్రమం ఉల్లాస్ ఇందుకు 200 గంటలు లెక్క వేసుకుంది. రోజుకో గంటయితే ఆరేడు నెలలు. ముందు చత్వారం చూపించుకోండి. అక్షరాలు అలుక్కుపోతుంటే అది తమ బుర్ర తప్పనుకుని మానేసేవాళ్లే ఎక్కువ. పని నుంచి రాగానే చేతులకు నూనె రాసి, ఆపైన సబ్బుతో కడగండి. మిరప ఘాటు ఉత్త నీళ్లకు పోదు. ఆ చేత్తో కళ్లు నలిపితే ఇక ఆ పూట చదువు లేనట్టే.

ఇది చదివి వినిపిస్తున్న అమ్మాయికి ఒక మాట. నేర్పాల్సింది నువ్వే తల్లీ. కొడుకు ముందు తప్పు చదవాలంటే ఎవరికైనా నామోషీయే. యాభై ఆరు అక్షరాలూ వల్లె వేయించకు. వల్లె వస్తుంది గానీ చదవడం రాదు. ఆవిడ రోజూ చూసే బస్సు బోర్డు తీసుకో. ‘తెనాలి’ని తె, నా, లి అని విడగొట్టు. అందులోంచి త, న, ల పట్టుబడితే తల, నేల, తేనె, నూలు వచ్చేస్తాయి. వ, ప ఒకే వారం నేర్పకు. మ, య కూడా అంతే, పోలిక ఉన్నవి పక్కపక్కన పడితే రెండూ తారుమారవుతాయి. వత్తులు చివరికి. పలకా బలపమే మేలు: తప్పు తుడిస్తే పోతుంది, పుస్తకంలో అయితే కొట్టివేతలు కళ్లెదుటే ఉంటాయి. అక్షరం అరచెయ్యంత ఉండాలి.

ఇక కోడలి సంగతి. మీ డబ్బు లెక్క మీరు చూసుకోవాలనుకోవడంలో తప్పేం లేదు. కానీ పలకా పాస్‌బుక్కూ ఒకేరోజు అడిగితే ఆ పిల్లకు నిలదీసినట్టే ఉంటుంది. కొన్నాళ్లు చదువు మాటే ఎత్తండి. కొడుకు నవ్వుకు జవాబు అక్కర్లేదు.

సంతకానికి తొందరపడకండి. వేలిముద్ర వేసేవాళ్లకు కాగితంలో ఏముందో చదివి చెప్పడం ఆనవాయితీ. సంతకం పెడితే మాత్రం చదివే పెట్టారనుకుంటారు. అందుకని చదవడం వచ్చి, సంతకం ప్రతిసారీ ఒకే తీరులో పడ్డాకే పాస్‌బుక్కు, ఆధార్ పట్టుకెళ్లి వేలిముద్ర బదులు సంతకం నమోదు చేయమని అడగండి. నమూనాతో కలవకపోతే విత్‌డ్రా ఫారం వెనక్కిచ్చేస్తారు. ఖాళీ ఫారం మీద మాత్రం ఎవరడిగినా పెట్టకండి, కోడలైనా సరే.