క్యూఆర్ మెనూ పెట్టే ముందు ఆ లింకు ఎవరి చేతిలో ఉంటుందో చూసుకోండి

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. 12 టేబుళ్ల ఫ్యామిలీ రెస్టారెంటుకు క్యూఆర్ మెనూ పెట్టాలంటే నెలనెలా డబ్బు కట్టే ప్యాకేజీ తీసుకోవాలా? మనమే ఉచితంగా చేసుకోవచ్చా? అసలు మన ఊళ్లలో జనం స్కాన్ చేసి చూస్తారా? మాది రాజమండ్రిలో 14 టేబుళ్ల హోటలు. 2020 నుంచి క్యూఆర్ మెనూ నడుపుతున్నాం. ఈలోపు రెండుసార్లు మొత్తం పీకేసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఎందుకు పీకాల్సి వచ్చిందో చెబుతాను, ప్యాకేజీ సంగతి మీకే తేలిపోతుంది.

లాక్‌డౌన్ తర్వాత 2020 జూన్ 8 నుంచి హోటళ్లు తెరుచుకోవచ్చని కేంద్రం అన్నప్పుడు, వాడి పారేసే మెనూలు పెట్టమని ఆరోగ్యశాఖ సూచనల్లో ఉంది. రోజూ అన్ని కాగితాలు ఎవరు ప్రింటు వేయిస్తారు? మా మెనూ కార్డు చేసిన డీటీపీ అతని దగ్గరే పీడీఎఫ్ తీసుకుని, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, ఆ లింకుతో ఫ్రీగా ఒక కోడ్ తయారుచేసి టేబుళ్లకు అతికించేశాం. మధ్యాహ్నం మొదటి టేబుల్ మీద కూర్చున్నాయన ఫోన్ నా వైపు తిప్పి, "ఏదో పర్మిషన్ అడుగుతోందండీ" అన్నాడు. నా ఫోన్‌లో మాత్రం చక్కగా తెరుచుకుంటోంది. ఫైలు నా అకౌంటులోదే కదా, తెరుచుకోక ఏమవుతుంది! లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అనే సెట్టింగు మార్చడం మర్చిపోయాను. సాయంత్రం జీమెయిల్ తెరిస్తే, మెనూ చూడనివ్వమని ముక్కూమొహం తెలియని వాళ్ల దగ్గర్నుంచి పదకొండు మెయిళ్లు.

అది సర్దుకున్నాక అసలు తలనొప్పి మొదలైంది. ఆ పీడీఎఫ్ ప్రింటు కోసం చేసింది, 14 ఎంబీ. వెనకాల బిర్యానీ హండీ ఫొటో, ముందు నాలుగు వరుసల్లో ఐటమ్‌లు. ఫోన్‌లో రెండు వేళ్లతో పెద్దది చేస్తే పేరు కనిపించినప్పుడు రేటు కనిపించదు, రేటు దగ్గరికి జరిపితే అది ఏ కూరదో తెలియదు. రెండు నిమిషాలు కుస్తీపట్టి చివరికి "ఏమున్నాయి బాబూ?" అని సప్లయర్‌నే పిలిచేవాళ్లు. కాబట్టి పీడీఎఫ్ వద్దు. పెట్టక తప్పని పరిస్థితి అయితే ఒక వరుసలోనే, పెద్ద అక్షరాలతో, వెనక బొమ్మ లేకుండా చేయించండి. రేటు మారిన ప్రతిసారీ కొత్త ఫైలు పెడితే లింకు మారిపోతుంది, కోడ్ పనికిరాకుండా పోతుంది. డ్రైవ్‌లో అదే ఫైలుకు కొత్త వెర్షన్ ఎక్కించే సదుపాయం ఉంది, అలా చేస్తే పాత లింకే పనిచేస్తుంది. ఈ సంగతి నాకు రెండుసార్లు స్టిక్కర్లు మార్చాక తెలిసింది.

తర్వాత ప్యాకేజీ. ఒక కంపెనీ కుర్రాడు ట్యాబ్ పట్టుకుని వచ్చి చూపించాడు. నిజం చెప్పాలంటే బాగుంది. ఫొటోలు, వెజ్, నాన్‌వెజ్ గుర్తులు, అయిపోయిన ఐటమ్ మీద ఒక్క నొక్కు నొక్కితే మాయం. ఏడాదికి కట్టేశాం. అక్రిలిక్ స్టాండ్లు కూడా వాళ్లే ఇచ్చారు. ఏడాది తిరిగాక రెన్యువల్ రేటు చూసి నాన్న బేరమాడదాం ఆగమన్నారు. ఆ బేరం తేలకముందే ఒక ఆదివారం మధ్యాహ్నం, టేబుళ్లన్నీ నిండి ఉన్నప్పుడు, స్కాన్ చేసిన ప్రతి ఫోన్‌లోనూ మా మెనూ బదులు ఆ కంపెనీ సొంత ప్రకటన వచ్చింది. పద్నాలుగు టేబుళ్ల దగ్గరా ఒకేసారి "మెనూ కార్డు లేదా?" అన్న కేక. కార్డులన్నీ అటక మీద ఉన్నాయి. ఒకడు స్టూలేసుకుని ఎక్కాడు, కింద నుంచి నేను అందుకున్నాను, దుమ్ము తుడుచుకుంటూ పంచాం.

ఇక్కడ తప్పు వాళ్లది ఎంతో నాదీ అంతే. కోడ్ అంటే ఏమిటో తెలుసుకోకుండా డబ్బు కట్టాను. జపాన్‌లో డెన్సో వేవ్ వాళ్లు 1994లో కార్ల విడిభాగాల లెక్క కోసం కనిపెట్టిందే ఈ క్యూఆర్. దాన్ని ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు, దానికి ఎక్స్‌పైరీ డేటు అంటూ ఏమీ ఉండదు. ఆ గళ్లలో ఉండేది ఒక అడ్రసు, అంతే. స్టాటిక్ కోడ్‌లో మీ పేజీ అడ్రసే నేరుగా ఉంటుంది. డైనమిక్ అని అమ్మేదాంట్లో కంపెనీ వాళ్ల అడ్రసు ఉంటుంది. కస్టమర్ ముందు వాళ్ల గుమ్మంలోకి వెళ్తాడు, వాళ్లు మీ ఇంటికి దారి చూపిస్తారు. చందా ఆగితే దారి చూపించడం ఆపేస్తారు. ఉచితం అని చెప్పే సైట్లలోనూ కొన్ని ట్రయల్ కింద ఈ డైనమిక్ రకాన్నే అంటగడతాయి, చూసుకోండి. తెలుసుకోవడం తేలిక. తయారైన కోడ్‌ని స్కాన్ చేసి, తెరిచే ముందు పైన కనిపించే అడ్రసు చదవండి. అందులో మీ పేరు ఉందా, ఇంకొకరిదా?

ఇప్పుడు మేం వాడేది చాలా సాదా పద్ధతి. హోటలు పేరు మీద ఒక డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో మన సొంత అడ్రసు, కొన్నాం. డాట్ ఇన్‌తో అయితే ఏడాదికి మామూలుగా వెయ్యి రూపాయల లోపే పడుతుంది. దాని చివర మెనూ అన్న మాట చేర్చి, ఆ అడ్రసుకు స్టాటిక్ కోడ్ చేయించాం. ఆ అడ్రసుకు వచ్చినవాళ్లను ఎక్కడికి పంపాలన్నది మా ఇష్టం. ప్రస్తుతానికి గూగుల్ సైట్స్‌లో ఉచితంగా చేసుకున్న ఒక పేజీకి పంపుతున్నాం. రేపు ఏ కంపెనీ ప్యాకేజీ నచ్చినా అటు మళ్లిస్తాం, స్టిక్కర్లు మాత్రం మార్చక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, డొమైన్ మీ మెయిల్ ఐడీతో, మీ కార్డుతో కొనండి. సైటు చేసిపెట్టే కుర్రాడి పేరు మీద ఉండకూడదు, అతను బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక ఫోన్ ఎత్తడు. ఆటో రెన్యువల్ కూడా పెట్టేయండి.

పేజీ చేసేటప్పుడు తెలుగు పేర్లు పెట్టాలనుకుంటే ఒక చిక్కు వస్తుంది. పాత మెనూ డీటీపీ షాపులో అను లాంటి ఫాంట్లతో కొట్టించి ఉంటారు. అవి యూనికోడ్ కావు, అంటే అన్ని ఫోన్లూ ఒకేలా చదివే పద్ధతిలో ఉన్న అక్షరాలు కావు. అక్కడ గోంగూర మటన్ అని ఉన్నదాన్ని కాపీ చేసి పేజీలో పెడితే ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చిపిచ్చి గుర్తులు వస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి కానీ ఒత్తుల దగ్గర తేడా చేస్తాయి. మావి తొంభై ఐటమ్‌లు. మా చెల్లి ఫోన్‌లోనే తెలుగు కీబోర్డుతో ఒక మధ్యాహ్నం కూర్చుని కొట్టేసింది. ఆ పని చేస్తున్నప్పుడే గత ఆరు నెలల్లో ఎవరూ అడగని ఐటమ్‌లు ఇరవైకి పైగా ఉన్నాయని తేలి, వాటిని తీసేశాం. ఫొటోలు ఐదారు చాలు, అవీ బాగా చిన్న సైజు చేసి పెట్టండి. ధర పక్కన జీఎస్టీ కలిపా, విడిగానా అన్నది స్పష్టంగా రాయండి, సగం గొడవలు గల్లాపెట్టె దగ్గర దాని మీదే. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, అంటే మీ ఫుడ్ లైసెన్సు నంబరు, 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద ఎలాగూ తప్పనిసరి, పేజీ అడుగున కూడా వేసేయండి.

జనం స్కాన్ చేస్తారా అన్నారు. స్కాన్ చేయడం మన వాళ్లకు కొత్త కాదు, కూరగాయల బండి దగ్గర కూడా చేస్తున్నారు. చిక్కల్లా ఆ అలవాటుతోనే! టేబుల్ మీద కోడ్ కనబడగానే చెయ్యి ఫోన్‌పే మీదికో గూగుల్ పే మీదికో పోతుంది. అందులో మెనూ కోడ్ స్కాన్ చేస్తే చెల్లని కోడ్ అంటుంది, పనిచేయడం లేదని కస్టమర్ వదిలేస్తాడు. మొదటి నెలంతా మాకు ఇదే అర్థం కాలేదు. ఇప్పుడు కోడ్ పైన పెద్ద అక్షరాలతో "మెనూ కోసం – ఫోన్ కెమెరాతో స్కాన్ చేయండి" అని వేయించాం. పేమెంటు కోడ్ టేబుళ్ల మీద నుంచి పూర్తిగా తీసేసి, కౌంటర్ దగ్గర ఒక్కటే ఉంచాం. అన్నట్టు, ఆ పేమెంటు స్టిక్కర్ మీద ఇంకొకరి స్టిక్కర్ అతికించే మోసాలు జరుగుతుంటాయి. రోజూ పొద్దున షట్టర్ తీయగానే ఒకసారి గోరుతో గీకి చూడటం మా క్యాషియర్‌కి అలవాటు.

ప్రింటు విషయంలో ఫ్లెక్సీ షాపు అతని కళాపోషణకు లొంగకండి. మాకు మెరూన్ రంగు మీద బంగారు రంగు కోడ్, చుట్టూ మామిడి పిందెల బోర్డరు పెట్టి ఇచ్చాడు. పెళ్లి శుభలేఖలా ఉంది, ఒక్క ఫోనూ చదవలేదు. తెలుపు మీద నలుపు, చుట్టూ కనీసం నాలుగు గళ్ల వెడల్పు ఖాళీ తెలుపు, ఇవి తప్పనిసరి. టేబుల్ మీద పెట్టేదానికి నాలుగు సెంటీమీటర్ల చదరం సరిపోతుంది. కోడ్ చేసేటప్పుడు ఎర్రర్ కరెక్షన్ అని ఎల్, ఎం, క్యూ, హెచ్ నాలుగు అడుగుతుంది. వరుసగా కోడ్‌లో సుమారు 7, 15, 25, 30 శాతం వరకు పాడైనా చదవగలగడం అన్నమాట. సాంబారు, నూనె చేతులు తగిలే చోట క్యూ పెట్టుకోవడం మంచిది. అది పెరిగేకొద్దీ గళ్లు సన్నబడతాయి, అందుకే అడ్రసు పొట్టిగా ఉండాలి. లామినేషన్ మెరిసేది కాకుండా మ్యాట్ వేయించండి. మెరిసేదాని మీద ట్యూబులైటు గీత సరిగ్గా కోడ్ మధ్యలో పడుతుంది.

ఫోన్‌లోనే ఆర్డరు పెట్టే పద్ధతి మీకు ఇప్పుడే వద్దు. ఆ ప్యాకేజీ రోజుల్లో రెండు వారాలు నడిపాం. దానికి టేబుల్‌కో కోడ్ వేరుగా ఉంటుంది. ఒక సాయంత్రం ఐదో టేబుల్ నుంచి రెండు మటన్ బిర్యానీలు కిచెన్‌కి టికెట్ వచ్చింది. మాస్టర్ చేసి పంపితే టేబుల్ ఖాళీ! ముందురోజు తిని వెళ్లిన వాళ్ల ఫోన్‌లో ఆ పేజీ తెరిచే ఉంది, పిల్లాడు నొక్కాడట. సప్లయర్ల మీద ఉండే కెప్టెన్ చూసి ఓకే చేశాకే కిచెన్‌కి వెళ్లేలా ఉంటే తప్ప దాని జోలికి పోకండి. మెనూ చూపించే ముందు ఫోన్ నంబరు, ఓటీపీ అడిగే రకం అసలే వద్దు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా, ఫోన్ నంబరు ఇవ్వమని కస్టమర్లను పట్టుబట్టొద్దని దుకాణాల వాళ్లకు చెప్పింది.

ఇంత చేసినా మెనూ పాతదైతే దండగ. మా ఊళ్లో గోదావరికి ఎర్రనీరు వచ్చాక పులస దొరికే ఆ రెండు మూడు నెలలు రేటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అచ్చు మెనూలో "రేటు అడగండి" అని ఉండేది, అడగడానికి మొహమాటపడి చాలామంది దాటేసేవాళ్లు. ఇప్పుడు చేపలు దిగగానే మా క్యాషియర్ ఆ పూట రేటు ఫోన్‌లో మార్చేస్తాడు, లేని రోజు వరుసే తీసేస్తాడు. కార్తీక మాసంలో వెజ్ ఐటమ్‌లను పైకి జరుపుతాడు. క్యూఆర్ మెనూ వల్ల నాకు కనిపించిన అసలు లాభం ఇదే, ప్రింటు ఖర్చు మిగలడం చిన్న విషయం. అయితే ఈ పని ఒక్క మనిషికే అప్పజెప్పండి. అందరూ చూసుకుంటారులే అనుకున్న నెలలో, అయిపోయిన రాగి సంకటి కోసం రోజుకు నలుగురికి సారీ చెప్పాం.

అచ్చు కార్డులు మాత్రం పారేయకండి. మేం ఎనిమిది ఉంచాం, అటక మీద కాదు, కౌంటర్ కిందే. పెద్దవాళ్లు కూర్చుంటే అడగకముందే కార్డు ఇమ్మని సప్లయర్లకు చెప్పాం. మా గోడల మందానికి లోపలి నాలుగు టేబుళ్ల దగ్గర సిగ్నల్ అందదు, అక్కడ వైఫై పాస్‌వర్డు కూడా స్టాండు మీదే రాశాం.

మీరు 12 స్టాండ్లు ఒకేసారి ఆర్డరు ఇవ్వకండి. ఒక్కటి మామూలు కాగితం మీద తీయించి, రాత్రి ఎనిమిదింటికి మీ హోటల్లో అన్నిటికంటే చీకటిగా ఉండే టేబుల్ మీద పెట్టి, మీ స్టాఫ్‌లో అందరికంటే పాత ఫోన్ ఎవరి దగ్గరుందో వాళ్లతో స్కాన్ చేయించండి. మాకు ఆ ఫోన్ మా దోసె మాస్టర్‌ది, గీతలు పడిన కెమెరా. అందులో తెరుచుకున్నాకే మిగతావి చేయించాం.