మినిట్స్‌లోకి ఎక్కేలా మాట్లాడు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

భీమిలి తీరంలో ఇసుక తవ్వకాల మాట మళ్లీ లేచిందని, ప్రజాభిప్రాయ సేకరణ పెడితే మనవాళ్లందరితో వెళ్లి ఆపేస్తామని రాశావు. ఆవేశం అర్థమైంది గానీ, ఆ పని చేయకు. ఇలాంటి సభలకు గుమాస్తాగా మినిట్స్, అంటే సభలో ఎవరేమన్నారో ఆ అధికారిక రికార్డు, రాసినవాణ్ణి నేను. గొంతులు పోయేలా అరిచినా కాగితం మీద ‘స్థానికులు వ్యతిరేకత తెలిపారు’ అని ఒక్క ముక్కే మిగులుతుంది. అదే ఒక ముసలమ్మ లేచి, ‘ఫలానా సర్వే నంబరు పక్కన మా బావి ఉంది, వేసవిలో వీధంతా అక్కడే తోడుకుంటాం, తవ్వాక ఉప్పు తేలితే నీళ్లెవరిస్తారు?’ అని అడిగితే ఆ ప్రశ్న రాసి తీరాలి. తవ్వకాల వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే తుది నివేదికలో, తవ్వే కంపెనీ దానికి జవాబూ చెప్పాలి. మీరు రాకపోతే సభ ఆగుతుందనుకోకు, కనీసం ఇంతమంది ఉండాలనే కోరం నిబంధనే లేదు.

సభంటూ పెడితే, పర్యావరణ అనుమతులపై 2006లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం దానికి కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. ఆ నివేదిక ముసాయిదా కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్తులో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో చూడొచ్చు. తెలుగు సారాంశంతో సరిపెట్టుకోకండి, అసలుది తిరగేయండి. ముందు గాలి, నీళ్ల కొలతలు ఏ నెలల్లో తీశారో చూడు. సాధారణంగా వానాకాలం వదిలేసి ఒక్క సీజన్‌తో కానిచ్చేస్తారు. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం ఇది. ఆ నెలల్లో ఎవరైనా వచ్చి చూశారా?

ఒడ్డున కనిపించే నల్ల చారల్లోని ఖనిజాలే కంపెనీవాళ్లకు కావలసింది. ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్, వాటితోపాటు మోనజైట్. మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది కాబట్టి దాన్ని ఎక్కడ దాస్తారో అడగండి. ఖనిజం తీసి మిగతా ఇసుక వెనక్కి పోస్తామంటారు, పోస్తారు కూడా. కానీ ఇసుక దిబ్బ మునుపటి ఎత్తుకు ఎప్పుడొస్తుంది? సరుగుడు, మొగలి పొదలు ఎన్నేళ్లకు నిలబడతాయి? ఈలోగా తుఫానొస్తే కెరటం ఎక్కడ ఆగుతుంది? 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసినవాళ్లం మనం. ఆ దిబ్బల కింద ఉప్పునీటి మీద మంచినీళ్లు తేలుతూ ఉంటాయి, మన బావుల్లోకి వచ్చేది అవే. ఇప్పుడే ప్రతి బావి నీళ్లూ పరీక్ష చేయించి, తేదీతో కాగితం దాచండి. తర్వాత ‘ముందు నుంచీ ఉప్పే’ అంటే చూపించడానికి.

ఎర్రమట్టి దిబ్బలు, డచ్చివారి సమాధుల గురించి వైజాగ్ నుంచి వచ్చేవాళ్లు ఎలాగూ బాగా మాట్లాడతారు. (ఫొటోలు కూడా బాగా దిగుతారు.) ఆ ఎర్రమట్టి దిబ్బలకు భారత భూగర్భ సర్వే సంస్థ (జీఎస్ఐ) గుర్తింపు ఉంది, తవ్వకం హద్దు నుంచి ఎంత దూరమో నివేదికలో చూసి అడగండి, చాలు. బోట్లు ఎక్కడ లాగుతారు, వలలు ఎక్కడ ఆరేస్తారు, చేపలు ఎండబెట్టే చోటేది, ఇవి మాత్రం మీరే చెప్పాలి. మ్యాపు గీసి ఇవ్వండి. ఆడవాళ్లను ముందు మాట్లాడించండి.

అన్నిటికన్నా ముఖ్యం, మధ్యాహ్నం భోజనానికని లేచి రాకండి. చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి, వాటి మీద అదే రోజు అధికారి సంతకం కావాలి. మీ మాట తప్పిపోతే అక్కడే లేచి అడగండి, వీడియో తీస్తుంటారు. చెప్పిందంతా రాతపూర్వకంగా కూడా ఇచ్చి, రసీదు తీసుకోండి. ఒకవేళ అనుమతి వచ్చేసినా చెన్నైలో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ ఉంది, అప్పీలుకు 30 రోజులే గడువు. ఆ రసీదులు అప్పుడు పనికొస్తాయి.

నివేదిక దొరకగానే ఒక కాపీ నాకు పంపు. కళ్లజోడు మార్పించాను, చదవగలను.

మీ మావయ్య