స్మియర్‌లో తేడా వస్తే క్యాన్సరేనా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు క్రమంగా వాడుతున్నాను. వైరల్ లోడ్ (రక్తంలోని వైరస్ మోతాదు) పరీక్షకు అందనంత తక్కువ. మలద్వార స్మియర్‌లో (కణాలు తుడిచి తీసి చేసే పరీక్ష) ‘హెచ్‌సిల్’ అని రాశారు. క్యాన్సరా? – ఓ పాఠకుడు

జవాబు: హెచ్‌సిల్ అంటే క్యాన్సర్ అని కాదండీ. హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా) వైరస్, ముఖ్యంగా 16వ రకం, కణాల్లో తెచ్చిన క్యాన్సర్ ముందు దశ మార్పు అది. కొందరిలో దానంతటదే తగ్గుతుంది, కొందరిలో ముదురుతుంది. ఏది ముదురుతుందో ముందే చెప్పలేం.

స్మియర్ ఒక్కదానితో తేల్చకూడదు. తర్వాతి మెట్టు హై రిజల్యూషన్ అనోస్కోపీ. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో తడిపిన గాజుగుడ్డను లోపల ఒకటి రెండు నిమిషాలు ఉంచి, భూతద్దం లాంటి కోల్పోస్కోప్‌తో చూస్తారు. మార్పున్న చోటు తెల్లబడుతుంది. లుగాల్స్ అయోడిన్ పూస్తే మామూలు చర్మపొర ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది, తేడా ఉన్న భాగం పసుపుగానే మిగులుతుంది. అక్కడి నుంచే ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. పెద్దపేగును చూసే కొలనోస్కోపీ దీనికి బదులు కాదు, ఈ పొరపాటు తరచూ జరుగుతోంది. ఈ సౌకర్యం అన్నిచోట్లా లేదు. మీ ఏఆర్‌టీ డాక్టర్‌నే అడిగి రిఫరల్ రాయించుకోండి. సిగ్గుపడి వాయిదా వేయకండి.

బయాప్సీలోనూ హెచ్‌సిల్ అని తేలితే కరెంటు కాటరీతో కాల్చడం, లేదా క్రీములు. 2022లో వెలువడిన అమెరికా ‘యాంకర్’ అధ్యయనంలో, 35 ఏళ్లు దాటిన హెచ్‌ఐవీ బాధితులకు ఇలా చికిత్స చేస్తే మలద్వార క్యాన్సర్ 57 శాతం తగ్గింది. మళ్లీ రావడం మామూలే కాబట్టి తిరిగి చూపించుకోవాలి. హెచ్‌పీవీ టీకా ఇప్పటికే వచ్చిన మార్పును మాన్పదు. గడ్డ, రక్తం, తగ్గని నొప్పి ఉంటే మొలలనుకుని ఊరుకోక వెంటనే వేలితో పరీక్ష చేయించుకోండి.