మేనేజర్ అడిగితే ఫిర్యాదు కాపీ ఇచ్చేయడమేనా?

ప్రశ్న: హనుమకొండలో ఒక ప్రైవేటు కంపెనీ హెచ్‌ఆర్ విభాగంలో పనిచేస్తున్నాను. లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీకి వచ్చే మెయిళ్లు చూసేది నేనే. ఒక ఉద్యోగిని తన టీమ్ లీడర్ మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు పెట్టింది. ఆమె కోరడంతో కమిటీ షిఫ్టు మార్పించింది. కారణమేంటని ఆమె మేనేజర్ ఫోన్ చేసి అడిగితే, పెద్ద హోదాలో ఉన్నారు కదా అని మెయిల్ మొత్తం ఫార్వర్డ్ చేశాను. తెల్లారేసరికి దాని స్క్రీన్‌షాట్ టీమ్ వాట్సాప్ గ్రూపులో ఉంది. నాకు షోకాజ్ నోటీసు వచ్చింది. ఏడు రోజుల గడువులో ఐదు అయిపోయాయి. నిద్ర పట్టడం లేదు, ఇల్లు నడిచేది నా జీతంతోనే. మెయిల్ పంపడానికి ఒప్పుకున్నట్టు ఆ అమ్మాయితో పాత తేదీ వేసి అంగీకార పత్రం రాయించుకోమని, ఫిర్యాదు వాపసు తీసుకుని తర్వాత మళ్లీ పెట్టుకోమని చెప్పమని మేనేజర్ అంటున్నారు. అడిగితే ఇచ్చాను, ఇందులో నా తప్పేముంది?
- ఒక సోదరి, హనుమకొండ

జవాబు: తప్పుంది, దాన్ని మీ ఉత్తరంలో మీరే రాశారు. ‘కమిటీకి వచ్చే మెయిళ్లు చూసేది నేనే’ అన్నారు. ఈ కేసుకు కీలకం ఆ ఒక్క వాక్యమే. 2013 నాటి పోష్ చట్టంలో (పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం) వివరాలు బయటపెట్టినందుకు సెక్షన్ 17 పట్టుకునేది ఫిర్యాదును చూసే బాధ్యత అప్పగించిన వ్యక్తిని. పక్క సీటు ఉద్యోగి చెవిన పడి బయటికి పొక్కితే అది వేరే సంగతి. మీరు ఆ బాధ్యతలో ఉండి పంపారు.

సెక్షన్ 16 ఫిర్యాదులోని విషయాన్నీ, ఆమె పేరునూ, సాక్షుల పేర్లనూ, ఆరోపణ ఎదుర్కొంటున్న టీమ్ లీడర్ పేరునూ కాపాడుతుంది. అతనికి కూడా ప్రతిని పంపేది కమిటీయే, ఫిర్యాదు అందిన 7 పనిదినాల్లో. ఆ వరుసలో మేనేజర్ ఎక్కడా లేడు. ‘ప్రజలకు, పత్రికలకు, మీడియాకు’ తెలియనివ్వకూడదని సెక్షన్ అంటోంది కాబట్టి ఒక్క మేనేజర్‌కు చెబితే ఉల్లంఘన కాదని వాదించవచ్చు. జవాబులో ఆ పేరా పెట్టండి, భారమంతా దాని మీదే వేయకండి. కాగితం గ్రూపుకెక్కాక ఆ వాదన సగం చచ్చింది.

ఇన్నాళ్లు హెచ్‌ఆర్‌లో ఉండి, మేనేజర్‌కు ఏం కావాలో ఒక్క నిమిషం ఆలోచించలేదా అమ్మా? ఆయన డ్యూటీ చార్టు వేసుకోవాలి. ‘ఫలానా తేదీ నుంచి ఈమె ఫలానా షిఫ్టు, రిపోర్టింగ్ ఫలానా వారికి, ఇది మేనేజ్‌మెంట్ ఆదేశం’ అంటే సరిపోయేది. కమిటీ అన్న మాట కూడా అక్కర్లేదు. మెడికల్ లీవు అయినా అంతే: ఎన్ని రోజులు, తిరిగొచ్చాక ఏ పని చేయకూడదు అన్నది మేనేజర్‌కు కావాలి, జబ్బు పేరు కాదు.

ఇక ఆయన ఇచ్చిన సలహా. దాని జోలికి పోవద్దు. ఇప్పటిదాకా మీది అజాగ్రత్త. పాత తేదీ కాగితం పుట్టిందంటే అది మోసం, ఫోర్జరీ కేసు దాకా పోవచ్చు. పైగా ఫిర్యాదుకు గడువు ఘటన జరిగిన నాటి నుంచి, వరుస ఘటనలైతే చివరిదాని నుంచి, 3 నెలలు. తగిన కారణం ఉంటే, దాన్ని రాతలో నమోదు చేసి కమిటీ మరో 3 నెలలదాకా పెంచవచ్చు, పెంచి తీరాలని లేదు. ఈరోజు వాపసు తీసుకున్న అమ్మాయి రేపు మళ్లీ వచ్చేసరికి తలుపు మూసి ఉండొచ్చు. సలహా ఇచ్చిన పెద్దమనిషికి ఈ లెక్క తెలియదంటే నేను నమ్మను. ఆమెకు ఫోన్ చేయకండి, ఇంటికి వెళ్లకండి. క్షమాపణ చెప్పుకోవాలన్నా కమిటీ ద్వారానే.

సాక్ష్యం దగ్గర మీరు బలహీనంగా ఉన్నారు. మేనేజర్ అడిగింది ఫోన్లో. కాల్ లిస్టు ఫోన్ వచ్చిందని చెబుతుంది, ఏం మాట్లాడారో చెప్పదు. అందుకే ఆరోజు ఆయనతో వాట్సాప్ చాట్ వెతకండి. ‘పంపారా?’ అన్న ఒక్క మెసేజ్ దొరికినా చాలా విలువ. గ్రూపులో పోస్టు ఎవరి నంబరు నుంచి, ఎన్ని గంటలకు వచ్చిందో భద్రపరచండి. ఫోన్ రీసెట్ చేయకండి, మార్చకండి. కోర్టుకు వెళితే ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. మీరు పంపిన మెయిల్ తీసేస్తే సర్వర్లో కాపీ ఎలాగూ ఉంటుంది, సాక్ష్యం మాయం చేశారన్న నింద అదనంగా వస్తుంది.

జవాబు రేపే ఇవ్వండి. పంపానని ఒప్పుకోండి. ఎప్పుడు, ఎవరు అడిగితే పంపారో రాసి, గ్రూపులో పెట్టింది మీరు కాదని, అది ఎవరి పనో విచారించమని కోరండి. కమిటీ సభ్యులకు శిక్షణ, ఉద్యోగులకు అవగాహన సదస్సులు పెట్టాల్సిన బాధ్యత సెక్షన్ 19 కింద యాజమాన్యానిదే. మీకు అలాంటివేమీ జరగకపోతే ఆ మాటా రాయండి. లీకు సంగతి కమిటీకి విడిగా లేఖ ద్వారా తెలపండి. సెక్షన్ 17 శిక్ష సర్వీసు నిబంధనల ప్రకారం ఉంటుంది. నిబంధనలు లేకపోతే యాజమాన్యం మీ నుంచి వసూలు చేయాల్సింది 5,000 రూపాయలు. కాబట్టి ముందు మీ కంపెనీ సర్వీసు నిబంధనల కాపీ తెచ్చుకుని చదవండి, ఉద్యోగం గురించిన భయం ఎంత నిజమో అందులో తెలుస్తుంది. జవాబును ఇచ్చి, అందినట్టు మీ కాపీ మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుని, మెయిల్ కూడా చేయండి. సెక్షన్ 17 కింద మీకు వ్యతిరేకంగా సిఫారసు వస్తే, ఆ తేదీ నుంచి 90 రోజుల్లో అప్పీలు వేసుకోవాలి.