గ్రౌట్ కలిపాక ఫోన్ ఎత్తకండి

"ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ కళకి టైమ్ ఎలా దొరుకుతుంది?" అని అడిగారు. నేను మొజాయిక్ చేస్తాను. అంటే పింగాణీ పెంకులు, గాజు, రాతి ముక్కలు అతికించి బొమ్మలు కట్టడం. పద్నాలుగేళ్ళుగా ఇదే పిచ్చి. ఉద్యోగమూ ఉంది, ఇల్లూ ఉంది.

ముందుగా ఒక మనవి. నేనేం చేస్తానో తెలియగానే "జీవితం కూడా మొజాయిక్ లాంటిదే కదండీ" అంటారు కొందరు. దయచేసి అనకండి. మొజాయిక్‌లో ముక్క కుదరకపోతే నిప్పర్‌తో (పెంకులు కత్తిరించే పట్టకారు) కొరికి మళ్ళీ పెట్టుకోవచ్చు. మా మేనేజర్‌ని అలా చేయలేను.

అసలు విషయానికొస్తే, టైమ్ అంతా ఒక్క రకం కాదు. ముక్కలు కొట్టి రంగుల వారీగా డబ్బాల్లో వేయడానికి పది నిమిషాలు చాలు, ఎవరు పిలిచినా లేచిపోవచ్చు (కళ్ళజోడు తీయకండి, చెప్పుల్లేకుండా తిరగకండి, గాజు పలుకు కాలికి గుచ్చుకున్నాకే కనిపిస్తుంది). వరసలు పేర్చాలంటే కనీసం గంట ఉండాలి, ఎందుకంటే ఆ ఒంపు కంటికి పట్టడానికే కొంతసేపు పడుతుంది. గ్రౌట్, అంటే ముక్కల మధ్య సందులు నింపే సిమెంటు లాంటి ముద్ద, దాని సంగతి వేరు. పొడిలో నీళ్ళు పడ్డాక అది మన కోసం ఆగదు.

ఒకసారి లకుముకి పిట్టను చేశాను. వీపుకి నీలం గాజు, పొట్టకి తెల్ల పాలరాయి, గోరంత గోరంత ముక్కలు. పేర్చడానికే రెండు నెలలు పట్టింది, అదీ రాత్రి అందరూ పడుకున్నాక. ఆదివారం పొద్దున నల్ల గ్రౌట్ కలిపి బొమ్మంతా పులిమాను. సందుల్లోకి బాగా దిగింది, ఇక తడి స్పాంజీతో పైది తుడవాలి. సరిగ్గా అప్పుడు అక్క ఫోన్. "ఒక్క నిమిషమేనే, బిజీగా ఉన్నావా?" అంది. ఉన్నానక్కా అనొచ్చు కదా, అనలేదు. బీరువా తాళంతో మొదలైన మాట వాళ్ళ ఆడపడుచు దగ్గరికి వెళ్ళింది, నేను చేతి తొడుగు విప్పి ఫోన్ చెవికి ఆనించుకుని "ఊఁ" కొడుతూనే ఉన్నాను. నలభై నిమిషాలు.

తిరిగొచ్చేసరికి పిట్ట లేదు, నల్ల పలక ఉంది. గాజు మీదది గీకితే వచ్చింది. పాలరాయి మాత్రం నలుపు పీల్చేసుకుంది. పాత టూత్‌బ్రష్‌తో తోమాను, పుల్లతో గీరాను. పొట్టంతా మసిగుడ్డలా తయారైంది. చివరికి తెల్ల ముక్కల్ని ఒక్కొక్కటీ ఉలితో పెకలించి కొత్తవి పెట్టడానికి పదకొండు రోజులు పట్టింది. "ముందే సీలర్ (రాయి రంగు పీల్చకుండా వేసే పూత) పూయలేదా?" అని కింద కామెంట్ పెట్టేవాళ్ళకి ఇక్కడే చెబుతున్నా, పూయలేదు. అయినా తప్పు ఫోన్‌దే.

కాబట్టి టైమ్ లేదనేవాళ్ళలో చాలామందికి నిజానికి లేనిది "ఇప్పుడు కుదరదు" అనే నోరు. ఆఫీసులో మీటింగ్ ఉందంటే ఎవరూ పిలవరు. బొమ్మ చేసుకుంటున్నానంటే మాత్రం ఖాళీగా ఉన్నట్టే లెక్క! పైగా ఇంట్లో ఏ కప్పు పగిలినా "నీకు పనికొస్తుందిలే" అని సంచిలో వేసి తెచ్చిస్తారు. సగం వాటిని ఎలా కొట్టినా తిన్నగా తెగవు, పారేస్తే ఇచ్చినవాళ్ళకి కోపం.

ఇలాంటప్పుడు అందరూ నేక్ చంద్ పేరు చెబుతారు. చండీగఢ్‌లో రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉద్యోగం చేస్తూ, ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియకుండా విరిగిన గాజులు, పింగాణీతో రాక్ గార్డెన్ కట్టాడు, 1976లో దాన్ని జనం కోసం తెరిచారు. నాకూ ఆయనంటే గౌరవమే. కానీ ఇలాంటి కథలు చెప్పేవాళ్ళు అంట్లు ఎవరు తోమారన్న సంగతి మాత్రం ఎత్తరు.

నాకు అంతకన్నా దగ్గరివాడు సోసస్, పెర్గమమ్ అనే ప్రాచీన గ్రీకు నగరానికి చెందిన మొజాయిక్ కళాకారుడు. రెండు వేల ఏళ్ళకి పైబడిన సంగతి. ఆయన మొజాయిక్‌కి ‘ఊడ్వని నేల’ అని పేరు. విందు అయ్యాక కింద పడిన ఎంగిలి అంతా బొమ్మే. తర్వాత రోమన్లు ఆ పద్ధతిలోనే చేసిన నేల ఒకటి వాటికన్ మ్యూజియంలో ఉంది. అందులో చేప ముళ్ళు, గుల్లలు, కాయ కొరుకుతున్న చిట్టెలుక, ప్రతిదానికీ నీడతో సహా ఉంటాయి. ఊడ్చే పని వదిలేసి ఎంగిలినే బొమ్మ కట్టినవాడు నా మనిషి కాక ఇంకెవరు?

ఇప్పుడు గ్రౌట్ రోజున నా ఫోన్ బీరువాలో ఉంటుంది, తాళం వేసి. పిట్ట పొట్టలో కొత్తగా వేసిన గ్రౌట్ పాతదానికన్నా ఒక పిసరు బూడిద రంగు తిరిగింది, నాకు తప్ప ఎవరికీ కనపడదు. అక్కకి ఆ బొమ్మ తెగ నచ్చేసింది, వాళ్ళ హాల్లో పెట్టుకుంటుందట. ఇవ్వను.