పాత రిజల్ట్ చెరపకుండా ప్రతి రిలీజ్‌కీ రిగ్రెషన్ నడపడం

రిగ్రెషన్ అంటే కొత్త మార్పు పాత పనుల్ని చెడగొట్టలేదని మళ్లీ టెస్ట్ చేయడం. అవే 180 టెస్ట్ కేసులు (ఏమేం సరిచూడాలో రాసుకున్న పరీక్షలు) ప్రతి రిలీజ్‌కీ నడపాలి, పాత రిజల్ట్ పోకూడదు, అలాగని సైకిల్‌కోసారి కేసులన్నీ కాపీ చేస్తే కుప్పలు పడిపోతున్నాయి, ఏం చేయాలి అనే కదండీ మీ ప్రశ్న. కేసు ఒక్కటే ఉంచండి. రన్ మాత్రం, అంటే ఆ కేసులు ఒక విడత నడిపి రాసుకునే రిజల్ట్ పట్టీ, ప్రతిసారీ కొత్తది తెరవండి.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నదండి. భీమవరంలో రొయ్యల కొనుగోలు లెక్కల యాప్‌కి టెస్టింగ్ చేసేవాణ్ణి. ఎక్సెల్ షీటులో స్టేటస్ కాలమ్ ఒక్కటే ఉండేది. కొత్త బిల్డ్ (యాప్ కొత్త వెర్షన్) రాగానే అంతా చెరిపేసి మళ్లీ మొదలు. ఓ రోజు చెరువు గట్టు మీంచి ఫోనొచ్చింది. శాంపిల్లో కేజీకి 40.4 రొయ్యలు తూగిన సరుకుని యాప్ 41 కౌంటు (కేజీకి ఎన్ని రొయ్యలో ఆ లెక్క) కింద కట్టేస్తోంది. కౌంటు పెరిగితే రేటు తగ్గుతుంది, ఆ తేడా రైతుకి పోతోంది. తప్పు దిద్దడం చిన్న పనే. కానీ ఏ బిల్డ్ నుంచి మొదలైంది? ఎవరెవరి బిల్లులు తిరగరాయాలి? ఆ కేసు చివరిసారి ఎప్పుడు పాసయిందో మా దగ్గర ఆనవాలే లేదు. రెండు రాత్రులు కూర్చుని పాత బిల్లులన్నీ చేత్తో లెక్కగట్టాం.

ధవళేశ్వరంలో గోదారి వరదకి 11.75 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నీరు తగ్గిందని నిన్నటి మట్టం ఎవరూ కొట్టెయ్యరు. గోదారి పెరుగుతోందో తగ్గుతోందో తెలిసేది ఆ వరుస చూస్తేనే. మన రిజల్టూ అంతే.

టెస్ట్‌లింక్ (టెస్ట్ కేసులు, రిజల్టులు దాచుకునే టూల్) అయితే ఒకే టెస్ట్ ప్లాన్ కింద రిలీజ్‌కో బిల్డ్ చేర్చండి, రిజల్ట్ ఏ బిల్డ్‌ది ఆ బిల్డ్ కిందే ఉంటుంది. టెస్ట్‌రెయిల్ అనే ఇంకో టూల్‌లో సైకిల్‌కో రన్ తెరిచి, పనయ్యాక క్లోజ్ చేయండి. ఆ తర్వాత కేసు మార్చినా పాత రన్ మారదు. క్లోజ్ చేసింది మళ్లీ తెరుచుకోదు కాబట్టి రీటెస్టులు మిగిలుంటే ఆగండి.

ఫెయిలైంది ఫిక్స్ అయితే ఆ ఫెయిల్‌నే పాస్‌గా దిద్దకండి, దయచేసి. దాని మీద ఇంకో రిజల్ట్ చేర్చండి. కామెంట్‌లో ‘శాంపిల్ 40.4, వచ్చిన కౌంటు 40’ అని వాడిన అంకెలు కూడా రాయండి. ఒట్టి ‘పాస్’ ఆర్నెల్ల తర్వాత ఎందుకూ పనికిరాదు.

ఎక్సెల్ తప్ప గతి లేదంటారా, బిల్డ్‌కో కాలమ్ కుడివైపు పెంచుకుంటూ పోండి. కేసు నంబర్ల కాలమ్ ఫ్రీజ్ చేస్తే ఎంత దూరం జరిపినా ఏ వరుస ఏ కేసుదో కనిపిస్తుంది.